క్వారీ మీద పసుపు జెండా

పిడుగురాళ్ల, 1983. మిట్టమధ్యాహ్నం. సున్నపురాయి క్వారీ గట్టు మీద యజమాని ధనుంజయరావు, జెండా ఎత్తే సత్తార్.

“మళ్ళీ ఎర్రగుడ్డంటావేందిరా సత్తార్? పొద్దున్నే కట్టించా పసుపు జెండా. అది దిగదు.”

“అది కాదయ్యగారూ, మూడు క్వారీలూ పక్కపక్కనే ఉండయ్. తూటాలు పేల్చే ముందు ఎవరి మనుషుల్ని వాళ్ళు పైకి పంపి ఎర్రగుడ్డ ఎత్తాల. మూడూ ఎగిరాకే ఒత్తికి నిప్పు. ఎప్పట్నుంచో...”

“నాకు చెబుతున్నావా? ఆ పద్ధతి పెట్టింది మా నాయన. అప్పటికి నువ్వింకా ముక్కు చీదుకుంటున్నావు.”

“మరి తెలిసీ...”

“తెలిసే చెప్పా. ఎర్రజెండా ఎవరిదిరా? ఎలక్షన్లో మన మీద నిలబడి డిపాజిట్ పోగొట్టుకున్న సన్నాసులది. గెలిచింది మనం. ఆ గుడ్డ నా క్వారీ మీద ఎగిరితే నలుగురూ నా మొహాన ఉమ్మరూ?”

“ఆ పాతగుడ్డ ఇట్టా ఇయ్యండయ్యా, ఒక్క నిమిషం ఎత్తి దించేస్తా.”

“చింపి లారీ అద్దాలు తుడుచుకోమని ఇచ్చా.”

“చింపారా!”

“ఏం, నీ తాత ఆస్తా?”

“పోనీ, ఈల వెయ్యనా?”

“వెయ్యి, వెయ్యి. క్రషర్ మోతలో నీ ఈల నీకే వినపడదు.”

“అందుకేగా జెండాలు పెట్టుకుంది. బట్టీల పొగ కూడా ఇటే కొడతంది. అంత దూరాన మనిషి ఆనడు. కనపడేది రంగొక్కటే.”

“కనపడనీ. కళ్ళారా చూసి ఏడవనీ ఆ పక్క క్వారీ జయరాజు. వాడొక ఓనరు! నిన్నమొన్నటిదాకా మా లారీలకి రాళ్ళెత్తినోడు.”

“గుంటలో రాళ్ళెత్తే అంకమ్మక్కా వాళ్ళనన్నా పైకి రమ్మంటా. జయరాజుగారి తూటా పేలితే రాళ్ళన్నీ మన గుంటలోకే వచ్చి పడతయ్.”

“గారంట, గారు! లారీ సగం కూడా నిండలా. అప్పుడే పైకొచ్చి వక్క నములుతా కూర్చుంటారా ఆడాళ్ళు?”

“నాకు భయంగా ఉందయ్యా.”

“ఎందుకురా భయం? మన ఎర్రగుడ్డ చూడందే వాళ్ళు పేల్చకూడదు. అవునా, కాదా?”

“అవుననుకోండి...”

“మరి పడుంటారు. ఎండలో నిలబడి నా వంక చూస్తా పడుంటారు. నా లారీ నిండాక, నా మనుషులు తీరిగ్గా పైకొచ్చాక, నేను కబురు పంపితే అప్పుడు పేల్చుకుంటారు. నేను లేకుండా ఇక్కడ ఒక్క రాయి పగలదు.”

“అయ్యా! ఎత్తారయ్యా. జయరాజుగారిది ఎత్తారు. అటు పక్కదీ లేచింది.”

“చూశావా, దారికొచ్చారు! ముందు వాళ్ళ చేతే ఎత్తించా. ఇంక పోయి పిలువు ఆ ఆడాళ్ళని.”

“అయ్యా, జయరాజుగారి గుంటలో ఎవరూ లేరు. ఒత్తి ముట్టించే సామ్యేలు ఒక్కడే... వంగాడు... లేచి ఉరుకుతున్నాడు. నిప్పు పెట్టేశాడయ్యా!”

“నన్ను అడక్కుండానే?”

“అంకమ్మక్కా! పైకి రాండే! గంపలు పారేసి రాండి! అక్కా!”

“ఎంత పొగరురా వాడికి! నా జెండా ఆనలేదా?”

“ఆనిందయ్యా, ఆనబట్టే! పోయిన వారం ఊరేగింపుకని క్వారీ మూసి, ఇదే జెండా కట్టి పోలా మనం? ఇయ్యాల కూడా లోపల మనుషులు లేరనుకున్నారు.”