ట్రిప్ స్విచ్ ఎవరివల్ల పడుతోంది

ఫ్లాట్లన్నిటిలో కరెంటు తనిఖీ జరుగుతోంది. మూడో అంతస్తులో మెయిన్ బోర్డు దగ్గర ఎలక్ట్రీషియనూ, ఆ ఇంటి అత్తగారూ నిలబడ్డారు. కొత్త కోడలు వంటింట్లో ఉంది. ఇంట్లో ఏం చెడినా తప్పు కొత్తగా వచ్చినవాళ్ళదేగా.

“రోజూ ట్రిప్ స్విచ్ పడిపోయి ఇల్లంతా కరెంటు పోతోంది బాబూ. కోడలు తెచ్చిన మిక్సీ వల్లే. నా వస్తువుల వల్లయితే వారం రోజులు వంట నాదేనని ఆ పిల్లతో పందెం కూడా కాశాను.”

“ప్లగ్గులన్నీ పీకేశానమ్మా. ఒక్కొక్కటే పెట్టి చూద్దాం. ఇదిగో, మిక్సీ.”

“పడిందా?”

“లేదు, నిక్షేపంగా తిరుగుతోంది. ఫ్రిజ్జూ బాగానే ఉంది. ఈ ఇస్త్రీపెట్టె ఎవరిది?”

“నాదే. నా పెళ్ళినాటిది. దాన్ని అనుమానించకు.”

“పెట్టాను. చూశారా, టక్కున పడింది. లోపల కరెంటు లీకవుతోంది. ఆ స్విచ్ పడబట్టి బతికిపోయారు.”

“సరిగ్గా చూశావా?”

“చూశానమ్మా. వంటింట్లోంచి నవ్వు కూడా వినిపిస్తోంది.”

“కోడలేనా? పెళ్ళయి వచ్చాక ఆ పిల్ల నవ్వగా నేను వినలేదయ్యా.”

“ఇస్త్రీపెట్టె పారేయమంటారా?”

“పారేద్దువుగాని. ముందు ఇంకోసారి పెట్టు.”

“మళ్ళీ పడుతుందమ్మా.”

“పడనీ. ఆ నవ్వు ఇంకోసారి విందాం.”