గవర్రాజు గారి పడమటి హద్దు

గానుగోళ్ల పాడుబావి తెలుసుగా, అదేర్రా, కొత్తగా లేఅవుట్ వేసి రంగులేసిన రాళ్లు పాతారే, దాని పక్కనున్నది. పశువుల్ని కూడా అటు తోలరు మనవాళ్లు. ఎందుకో చెబుతా వినండి, మధ్యలో నవ్వితే మాత్రం లేచిపోతా.

గవర్రాజు అని ఒక బస్సు కండక్టరు, ముప్పై ఏళ్లు టిక్కెట్లు కొట్టి, కూడబెట్టిందంతా పెట్టి ఆ బావి పక్కన నూట యాభై గజాలు కొన్నాడు. ఇల్లు కట్టుకున్నా అదే, అమ్ముకున్నా అదే, ఆయనకింక వేరే ఆధారం లేదు. దస్తావేజులో నాలుగు హద్దులూ రాస్తారు కదా, పడమటున్నది బావి, బావి అని రాయాలి, రాసినాయనేమో పాత కాగితం చూసి 'మంగాయమ్మగారి స్థలం' అని ఎక్కించేశాడు. ఎవరా మంగాయమ్మ? నలభై ఏళ్ల కిందట మరుదులు ఏటేటా గట్టు జరుపుకుంటూ వస్తే, నా హద్దు ఇదర్రా అని వెనక్కి వెనక్కి నడిచి చూపిస్తూ ఆ బావిలోనే పడి చనిపోయిన మనిషి.

మరి గవర్రాజుకి ఇదంతా ఎవరు చెబుతారు? అమ్మినవాడు చెబుతాడా? ఆయన ఆదివారం ఆదివారం మిట్టమధ్యాహ్నం బస్సు దిగి స్థలం చూసుకోడానికి వచ్చేవాడు, వస్తే పడమటి రాయి దగ్గర ఒక పెద్దావిడ నిలబడి, బాబూ నీ రాయి నా వైపుకొచ్చింది, ఒక్క అడుగు అటు జరుపుకో అనేదంట. ఈయనేమో, రేపు పక్కపక్కన బతకాల్సినవాళ్లం, పేచీ ఎందుకులే అని రాయి పీకి జరిపి పాతేవాడంట. హద్దురాయి ఎవరైనా చేత్తో ముట్టుకుంటారటర్రా? ఈయన ముట్టుకున్నాడు, మంచితనం మరి.

అలా అలా స్థలం సగమైపోయిందని లబోదిబోమంటూ మా దగ్గరికొచ్చాడు. నేనప్పట్లో సర్వేయరు గారి దగ్గర గొలుసు పట్టేవాణ్ణి. వెళ్లి మూడుసార్లు కొలిచాం, మూడుసార్లూ సరిగ్గా నూట యాభై గజాలే వచ్చింది. రాయి మొదట పాతిన చోటే ఉంది, దాని చుట్టూ గడ్డి కూడా చెదరలేదు. మరి ఆయన జరిపిందేంటి? సర్వేయరు గారు నా మొహం చూశారు, నేను గొలుసు చూశాను. ఆవిడ పేరేంటయ్యా అనడిగితే మంగాయమ్మగారండీ అన్నాడు, నేను గొలుసు కింద పెట్టేశాను.

ఉన్న సంగతి చెప్పేశాను, ఆవిడ ఎప్పుడో పోయింది, నీ స్థలం నిక్షేపంలా ఉంది అని. విన్నాడు. నమ్మాడో లేదో నాకిప్పటికీ అంతుపట్టదు. ఇప్పటికీ వస్తాడు, ఆ స్థలం నడిమధ్యలో నిలబడి, వచ్చేపోయేవాళ్లని నా స్థలం ఎక్కడండీ అనడుగుతాడు. నువ్వు నిలబడ్డదే నీ స్థలం నాయనా అంటే, కిందకి చూసుకుని, గబగబా రోడ్డు మీదకి వచ్చేసి, తప్పండీ, అది మంగాయమ్మగారిది అంటాడు. ఒక్క గజం కూడా తీసుకోలేదే ఆవిడ, మరి ఆయన స్థలం ఏమైనట్టు?

అందుకని అటు వెళ్లకండి. ఆవిడకి భయపడి కాదు, మీలో ఎవరికీ అక్కడ స్థలం లేదు కాబట్టి ఆవిడ మిమ్మల్నేం చెయ్యదు. ఆయన కనబడితే మాత్రం స్థలం చూపించమంటాడు, నేను చూపించీ చూపించీ అలిసిపోయాను.