దయ్యాలు చప్పట్లు కొట్టిన ముగింపు

సారపాకల కాగితం మిల్లు గేటు ఎదురుంగ జంపక్క చాయ్ హోటల్. దాన్ని ఆనుకొనే సత్తార్ భాయ్ కిరాయి పుస్తకాల షాపు. ఆ సాయంత్రం ఖమ్మం బస్సుల కపాలశ్రీ రాసిన కొత్త దయ్యాల నవల దిగింది, ఒక్కటంటే ఒక్క కాపీ. పొద్దటి నుంచి కాసుకొని ఉన్న జంపక్క చెయ్యి చాపింది. టైం ఆఫీసు క్లర్కు వెంకటరామారావు సారు చెయ్యి చాపిండు. వాళ్లిద్దరి మధ్యల నుంచి వెదురు యార్డు మేస్త్రి చెంచురామయ్య చెయ్యి వచ్చి పుస్తకం మీద పడ్డది.

"ఆగుండ్రి! ముందుగాల చదివే హక్కు నాది."

"హక్కేందో చెప్పు, అప్పుడిస్త," అన్నడు సత్తార్ భాయ్.

"ఈయన పుస్తకానికి గింత కొట్లాటనా?" అన్నడు సారు. "మొదట్ల నాలుగు నవలలు బాగుండె. ఇప్పుడు నెలకు రెండు రాస్తుండు. ఒక్క దయ్యాన్నే చీరలు మార్చి తోల్తుండు మన మీదికి."

"మరి చెయ్యెందుకు చాపినవ్ సారూ?" అన్నది జంపక్క.

"తిట్టాలన్నా చదవాలె కదా!"

చెంచురామయ్య పుస్తకం మీది చెయ్యి తియ్యకుండనే బెంచీ మీద కూలబడ్డడు.

"అనండ్రి సారూ, అనండ్రి. నేను ఆ కపాలశ్రీ గారికి నా చేతులతోని చాయ్ తాపినోణ్ణి. అబద్ధమైతే నా నోట్ల పురుగులు పడ! పోయిన ఎండాకాలం భద్రాచలం దర్శనానికొచ్చిండు పాపం, గుడి కాడ జోళ్లు పోయినయ్, ఉత్త కాళ్లతోని ఎండల ఎగురుకుంట పోతుండు. పుస్తకం ఎనక అట్ట మీద ఫోటో ఉంటది చూడు, టక్కున గుర్తుపట్టిన. సైకిలెక్కించుకొని పోయి ఒక చాయ్ తాపిన. అంతే."

"గింతేనా?" అన్నది జంపక్క.

"గింతేనా అంటవేందే! ఆ చాయ్ తాగి గాయన కండ్ల నీళ్లు పెట్టుకున్నడు. 'రామయ్య గారూ, చదివెటోళ్లు సగం మంది నన్ను నెత్తికెత్తుకుంటరు, సగం మంది కాగితాలు ఖరాబు చేస్తున్నవని తిడ్తరు, ఎవరి మాట నమ్మాలె నేను' అని అడిగిండు. నేనేమన్ననో తెలుసా? మనుషుల మాటెందుకు సార్, సంగతి తెలిసినోళ్లనే అడుగుదాం, దయ్యాలనే అడుగుదాం పాండ్రి అన్న. వెదురు కోసం లారీ అడవికి పోతుంటే ముందట కూసోబెట్టి తీస్కపోయిన. మిట్టమధ్యాహ్నం, ఆకు కదుల్తలేదు. పొదల కాడ లారీ ఆపి ఒక్క కేకేసిన, 'మీ గురించి రాసెటాయన వచ్చిండు, బయటికి రండ్రి' అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది, దయ్యాలు కూడ చాయ్ అడిగినయా?"

"కుర్చీలడిగినయ్ సారూ! పొదకొకటి దిగి, వరుసగ, బడి పిల్లల లెక్క కూసున్నయ్. అన్నీ ఈయన నవలలు చదివినయే. పుస్తకాలెక్కడియి అంటవా? సత్తార్ భాయ్, నీ షాపుల కిరాయికి పోయి వాపసు రానియన్నీ అక్కడ్నే ఉన్నయ్, నా కండ్లతో చూసిన."

"మనుషులు కొట్టేసిన్రనుకొని ఉత్తగ తిట్టుకున్న," అన్నడు సత్తార్ భాయ్.

"తల లేని దయ్యం ఒకటి ముందుగాల లేచింది..."

"తల లేంది ఎట్ల చదివింది?"

"పక్కదానితోని చదివించుకున్నది సారూ, మీరు జర అడ్డం రాకుండ్రి! అది ఏమన్నదంటే, 'అయ్యా, పాత నవలల్ల మాకు మర్యాద ఉండె. మా గజ్జెల చప్పుడైతే ఊరు ఊరంత తలుపులేసుకునేది. ఇప్పుడేంది, నిమ్మకాయ కోసుడు, మమ్ముల సీసాల పెట్టి బిరడా కొట్టుడు. మేమేమన్న మామిడికాయ తొక్కులమా?' అన్నది. దాని మీదికి పెనుబల్లి దిక్కు నుంచొచ్చిన ముసలి దయ్యం లేచింది. 'నోర్మూస్కోవే! ఎట్ల రాస్తేంది, మొదలువెడ్తె పొయ్యి మీద అన్నం మాడినా కింద పెట్టనియ్యడు' అన్నది."

"ఆ ముసల్ది నిజం చెప్పింది," అన్నది జంపక్క. ఆమె పొయ్యి మీద పాలు పొంగుతున్నయ్.

"ఇంకేముంది, జుట్లు జుట్లు పట్టుకున్నయ్! సగం ఈ దిక్కు, సగం ఆ దిక్కు. ఆ గాలికి వెదుళ్లు నేలకొరిగినయ్. పెద్దపులి ఒకటి ఏందీ లొల్లి అని చూడొచ్చి, తోక ముడుచుకొని లారీ కిందికి దూరింది. రచయిత గారు తెల్లమొహమేసిండు. అప్పుడు నేను లారీ బానెట్ మీదికెక్కిన. 'ఆపుండ్రి! ఈయన రాస్తున్న కోరల కోడలు నవలకు చివర నేను చెప్త, విన్నంక మాట్లాడుండ్రి' అన్న. అడవంత చప్పున ఊకున్నది. ఏం చెప్పిననో ఎరికేనా? నవలంత ఆ కోడలు పిల్లను సుగుణ, సుగుణ అనుకుంట వస్తం కదా. చివర్ల ఒక్క పేజీ తిప్పంగనే ఆ పిల్ల మాలిని! మొగుడు డాక్టరు కాస్త ఇన్‌స్పెక్టరు! ఊరు కూడ మారిపాయె! ఎందుకు మారిందో ఒక్క ముక్క చెప్పొద్దు సార్, పరకాయ ప్రవేశమని చదివెటోడే అర్థం చేసుకోవాలె అన్న."

వెంకటరామారావు సారు గిలాస కింద పెట్టిండు.

"అరె! ఆ చివర నీదా? ఈయన ఈ మధ్య రాసిన వాటిల్ల నాకు బాగా నచ్చింది అదొక్కటే."

"నాదే సారూ, నాదే! దయ్యాలైతే లేచి నిలబడి చప్పట్లు. ఆ చప్పట్లకు అడవిల ఆకు మిగల్లే. ఖుషీల అవే వెదురు కొట్టి, అవే లోడు చేసి, లారీని మా ఇద్దరితోని, కింద పులితోని సహా లేపి, బ్రిడ్జి ముట్టకుండ గోదారి మీదికెల్లి తెచ్చి యార్డుల దించినయ్. ఆ వెదురే మన మిల్లుల కాగితమైంది. ఆ కాగితం మీదనే కోరల కోడలు అచ్చయింది. ఇప్పుడు చెప్పుండ్రి, హక్కెవరిది?"

సారు చెయ్యి ఎనక్కి తీస్కున్నడు. "నువ్వే చదువు రామయ్యా. ఆ చివర చెప్పినోనికి ఆ మాత్రం ఇయ్యాలె."

చెంచురామయ్య పుస్తకం గుండెకానించుకొని, కొత్త కాగితం వాసన చూసి కండ్లు మూసుకున్నడు. జంపక్క మొహం చిన్నబోయింది.

"రామయ్యా," అన్నడు సత్తార్ భాయ్ నిమ్మళంగ, "కోరల కోడలు నువ్వు చదివింది ఎక్కడ?"

"నేను చెప్పింది నేను చదువుడేంది? అచ్చయినంక నీ షాపు కాపీ ఒకసారి తిరగేసిన, అంతే."

"నా కాపీకి చివరి పేజీలు చెదలు తిన్నయ్. అట్ట ఊడిన ఇంకో కపాలశ్రీ నవల ఉంటే, దాని చివరి పేజీలు ఇప్పి దీనికి కుట్టి, మైదా గోందు పెట్టిన. సుగుణ ఒక నవల, మాలిని ఇంకో నవల. ఎవరన్న వచ్చి తిడ్తరేమోనని కొన్నాళ్లు భయపడ్డ. ఒక్కరు అడగలే. సారైతే పక్కన పెన్సిల్‌తోని శభాష్ అని రాసిండు. గట్లాంటి చివర నా షాపుల తప్ప దునియాల ఎక్కడ లేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలె అంటరు రామయ్యా. అతికినోణ్ణి నేనిక్కడున్న!"

జంపక్క నవ్వు గేటు కాడి వాచ్‌మన్‌కు గూడ ఇనపడ్డది. అదే నవ్వుతోని చెంచురామయ్య చేతుల నుంచి పుస్తకం గుంజుకొని, కొంగుతోని తుడిచి, చక్కెర డబ్బా ఎనక పెట్టుకున్నది.

"ఈయన నవలలన్నీ ఒక్కటే అని నేను ముందే చెప్పలే?" అన్నడు సారు, ఎటో చూసుకుంట.

"మరి శభాష్ ఎందుకు రాసినవ్ సారూ?" అన్నది జంపక్క.

సారు చాయ్ తాగుట్ల పడ్డడు. చెంచురామయ్య మీసం దువ్విండు, ఇగ ఆపుకోలేక తనే అందరి కంటె పెద్దగ నవ్విండు.

"సరే, రెండో నంబర్ నాది. జంపక్కా, నీకు దండం పెడ్త, చదివినంక చివర ఏమైందో మాత్రం నాకు చెప్పకు."