మగ్గం మీది పెంకులు

గద్వాలలో చీరలు నేసే ఆమె ఇంటికి కొత్త కప్పు వేయడానికి వచ్చిన మేస్త్రీ, నిన్నటి వానకు తడిసి ముద్దయిన నేలను చూస్తూ నిలబడ్డాడు.

"రేకులు ఏద్దామక్కా. గల్లీల అందరు గవ్వే ఏపిస్తుండ్రు. రెండు దినాల్ల పని అయిపోతది."

"రేకుల కింద ఎండకాలం మగ్గం నడుస్తదా, మేస్త్రీ? వేడికి పోగు ఎండి పుటుక్కున తెగుతది. బెంగుళూరు పెంకులే ఎయ్యి."

మేస్త్రీ ఇన్నేళ్లుగా మనుషుల కోసమే కప్పులు వేశాడు. నూలుపోగు కోసం కప్పు అడిగిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాడు.

"గట్లనే కానియ్ అక్కా. జర ఒక్కటి చెప్పు. ఇల్లంత కురిసింది గదా, మగ్గం మీద ఒక్క చుక్క గూడ పడలేదేంది?"

"ఈడ పెంకు పగిలినప్పుడల్ల, నేను పండుకునే అర్ర మీదికెల్లి మంచి పెంకు తీపిచ్చి ఈడ పెట్టించిన."

"మరి వానొస్తే నువ్వెట్ల పండుకుంటవ్?"

"నాదేముంది? మంచం జరుపుకుంట. గుంటల దిగేసిన మగ్గం జరుగుతదా?"

మేస్త్రీ నిచ్చెన భుజానికెత్తుకుని, మగ్గానికి తగలకుండా లోపలి అర్రలోకి నడిచాడు.

"అటెందుకు పోతున్నవ్, మేస్త్రీ?"

"ఈసారి నీ మంచం మీదికెల్లి మొదలువెడ్త, అక్కా."