మూడో పిలుపు

డ్యాం కట్ట తూర్పు కొసన చింతమాను ఉంది చూడండి, మండే ఎండలో కూడా గొర్రెలకాపరి దాని నీడకు పోడు, కాయలు రాలి మట్టిలో కలుస్తాయిగాని ఏ ఇల్లాలూ ఏరుకోదు, ఎందుకో మీకెవరైనా చెప్పినారా? ఆదివారం పడవలెక్కడానికి వచ్చే టౌనువాళ్లకేం తెలుసు, దాని కిందే కూర్చుని బిర్యానీ తింటారు. నవ్వకు రంగమ్మా, నిజమే చెప్తున్నా.

డ్యామంటే పెద్దదేం కాదు, మట్టికట్ట, టౌను కుళాయిలకు నీళ్లు దాన్నుంచే. తూము గేటు మద్దిలేటి చూసుకునేవాడు. కట్ట దిగువనే గుడిసె, ఇంట్లో తల్లి, కొత్తగా కాపురానికొచ్చిన పెండ్లాం సుంకులమ్మ. ఆ ఎండాకాలం నీళ్లు అడుగంటి, తూము నోటికి పాచి, ఒండ్రు అడ్డం పడితే తీద్దామని ఒక్కడే దిగినాడు. దిగినాడా, ఒండ్రు మోకాళ్లు పట్టింది, ఆనక నడుం పట్టింది.

సందెవేళ. సుంకులమ్మ రొట్టె కాలుస్తా ఉంటే కట్ట అవతల్నుంచి "సుంకులూ" అని వినబడింది. లేచింది. అత్త ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, నీకేమన్నా బుద్ధుందా, మావాడు నిన్ను ఏమే అంటాడుగాని పేరు పెట్టి ఎన్నడన్నా పిలిచినాడా, ఈ వేళప్పుడు దెయ్యాలే అయినవాళ్ల గొంతుతో పిలుస్తాయి, మూడోసారి పిలిస్తేనే మనిషి, అప్పుడు పలుకుదువులే అనింది. మన ఇళ్లన్నింట్లో ఉన్న మాటే గదా, ఆమెను ఏమని తిడతాం? రెండోసారీ వినబడింది. ఇద్దరూ వాకిట్లో చెవులొగ్గి నిలబడినారు. మూడో పిలుపు రాలేదు. హమ్మయ్య, పీడ పోయిందని అత్త గడప ముందు ఉప్పు చల్లింది. వాడు ఎప్పట్లాగే గేటు గదిలో పడుకుని ఉంటాడులే అనుకుని వీళ్లూ తిని పడుకున్నారు.

తెల్లారి కుళాయిలు రాలేదని టౌనువాళ్లు తిట్టుకుంటా వచ్చి చూస్తే, ఒండ్రులోంచి చెయ్యొకటే కనబడింది, గేటు కమ్మీ పట్టుకుని.

ఆనాటినుంచి ఎవరు ఎవర్ని పిలిచినా సుంకులమ్మ పలికేది. పాలాయన బర్రెను పిలిచినా "ఆఁ, వస్తన్నా" అని పరిగెత్తేది. మొదట జనం నవ్వినారు. ఆ పొద్దు నీ చెయ్యి పట్టుకుని ఆపింది నేనే, నన్ను చంపు, ఇంక పరిగెత్తకు తల్లీ అని అత్త ఆమె కాళ్ల మీద పడి ఏడ్చేది. వానలు పడి డ్యాం నిండినాక, ఓ ఆదివారం సాయంత్రం పడవలోంచి ఎవరో గట్టుమీది స్నేహితుణ్ణి కేకేసినారు. చింతమాను కింద కూర్చున్న సుంకులమ్మ "వస్తన్నా" అని లేచి, చీరకుచ్చెళ్లన్నా ఎత్తిపట్టకుండా నీళ్లలోకి నడిచిపోయింది. పడవ తిప్పుకుని వచ్చేలోపల మునిగిపోయింది.

ఇప్పటికీ సందెపూట కట్టమీద ఎవర్ని పిలిచినా ఆ మాను కింద ఆడగొంతు పలుకుతుంది, పరిగెత్తే అడుగులు వినబడతాయి. వచ్చి ఏం చేస్తుందవ్వా అంటావా? గొంతు పిసుకుతుందనుకున్నావా? ఏమీ చెయ్యదు. తడిచీరతో దగ్గరకొచ్చి మొగం చూస్తుంది, వాడు కాదని తెలుసుకుని వెనక్కి పోతుంది.

కాబట్టి ఆ దిక్కు పోవద్దు. మిమ్మల్నేదో చేస్తుందని కాదు. చచ్చినాక కూడా దాన్ని ఎన్నిసార్లని పరిగెత్తిస్తారు?