వాడ చివర ఒక్క కుప్ప

ఇంటింటికీ గ్యాసు పొయ్యిలిచ్చి ఉగాదికల్లా ఊళ్లో పొగ సగానికి తగ్గించాలని మున్సిపాలిటీ తీర్మానించుకుంది. గడువు దగ్గరపడ్డాక, బెల్లంపల్లి గని కార్మికుల వాడకు లెక్క రాసుకోవడానికి పొద్దున్నే వచ్చిన గుమాస్తాకు, పన్నెండిళ్లకూ కలిపి వాడ చివర ఒక్క బొగ్గుకుప్పే కాలుతూ కనిపించింది. అతనికి నమ్మబుద్ధి కాలేదు. మొదటి గడపలో కూర్చున్న ముసలావిడను అడిగాడు.

“అవ్వా, పోయిన్నెల ఇంటి ముంగట ఇంటికో కుప్ప కాలుతుండె గదా. గ్యాసు పొయ్యిలు వచ్చినయా?”

“ఏడియి సారు? ఇస్తమన్నది మీరే.”

“మరి వంటలు బందు వెట్టిన్రా?”

“అందరం ఒక్కటే కుప్ప ముట్టిస్తున్నం. పొగ పోయినంక ఎవ్వల నిప్పులు వాళ్లు పొయ్యిలకు తట్టల్ల ఎత్తుకపోతున్నరు.”

“గిట్ల చెయ్యుమని ఎవ్వలు చెప్పిన్రు?”

“ఎవ్వలు జెప్తరు? నా మనుమరాలికి దమ్ము. పొగకు ఊపిరాడక తెల్లందాక కూసునే ఉంటుండె. చూడలేక వాడంత ఒక్కటైన్రు.”

గుమాస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“గ్యాసు ఇచ్చిన ఇండ్లెన్నని ఒక్కటే గడి ఉన్నదవ్వా. మీ వాడకు సున్న వెయ్యాలె. ఇక్కడ పొగ తగ్గలేదనే అంటరు!”

“ఏస్కో సారు. జర మెల్లగ మాట్లాడు, పొల్ల పండుకున్నది.”