రుద్రమ మాటలు

1978లో, వేప్పనపల్లి దగ్గరి ఒక పల్లెబడిలో పిల్లలు చరిత్రలోని రాజులు, రాణుల వేషాల్లో చేసిన ప్రసంగాలు ముగిసిన సాయంత్రం, గొర్రెలను దొడ్డికి తోలుతూ తల్లి కూతురిని ఆశగా అడిగింది.

"రుద్రమదేవి మాదిరి బాగా మాట్లాడినావా?"

"నేను మాట్లాడలేదమ్మా. అంగడివాళ్ల రాజలక్ష్మి మాట్లాడింది."

"నెల దినాలు కృష్ణగిరి లైబ్రరీకి పోయి రాసుకొనింది నువ్వు కదా?"

"రాణి అంటే చూసేకి రాణి మాదిరే ఉండాలన్నాడు బడి అయివారు. నా కాగితాలు ఆ పాపకి ఇప్పించినాడు."

తల్లి గొర్రెలను తోలేది ఆపి కూతురి వైపు తిరిగింది.

"మరి నువ్వు?"

"తెర వెనక నిలబడినాను. ఆ పాప నడుమ మరిచిపోతే నేనే మాటలు అందించినాను."

"ఎందుకందించినావే? ఊరికే ఉండాల్సింది!"

"మొదట ఊరికే ఉండినానమ్మా. అందరూ నగినారు. రుద్రమనే చూసి నగినట్లాయె. తాళలేకపోయినాను."

"చప్పట్లు కొట్టినారా?"

"బాగా కొట్టినారు. నేనూ కొట్టినాను."